గెట్టు పంచాయితీ తెగింది: బాండు పేపరు చాలా, లోక్ అదాలత్‌కు పోవాల్నా?

నర్సంపేట రైతు:
బాపు పోయినంక మూడున్నర ఎకరాలు అన్న, నేను నోటిమాట మీదనే చెరిసగం దున్నుకుంటున్నం. బోరు అన్న దిక్కున్నది. మిర్చికి నీళ్ల వంతు కాడ మాట పెరిగింది, గెట్టు మీది కడీలు జరిగినయి. నేను నర్సంపేట కోర్టుల దావా వేసిన. ఏండ్ల సంది వాయిదాలే. అన్న బిడ్డ పెండ్లికి మా ఇంటికెల్లి అమ్మ ఒక్కతే పోయింది, అది నాకు ఇంకా గుచ్చుకుంటది.

ఇప్పుడు పెద్దమనుషులు కూసోబెడితే అన్న ఒప్పుకున్నడు: బోరు ఆయనకు, బదులుగ నాకు పన్నెండు గుంటలు ఎక్కువ. వంద రూపాయల బాండు పేపరు మీద రాసుకొని కేసు వాపసు తీసుకోమంటున్నరు. అది చాలునా? రేపు అన్న కొడుకులు కాదంటే?

హన్మకొండ వకీలు:
తమ్మీ, ముందు కేసు మాత్రం వాపసు తీసుకోకు. కోర్టు అనుమతి లేకుండా తీసుకుంటే అదే వ్యవహారం మీద మళ్లీ దావా వేయలేవు. బాండు పేపరు మీద భూమి చేతులు మారినట్టు రాస్తే రిజిస్ట్రేషన్ లేదని పక్కన పెడతారు. అన్న మాట తప్పితే ఆ కాగితం పట్టుకొని మళ్లీ కోర్టు మెట్లెక్కాల్సిందే.

పెద్దమనుషులు కుదిర్చిన మాటనే లోక్ అదాలత్‌లో, అంటే రాజీతో కేసులు ముగించే ప్రజా న్యాయస్థానంలో, పెట్టించండి. మీ ఇద్దరి వకీళ్లు కోర్టులో అడిగితే కేసును అక్కడికి పంపుతారు. ఖర్చు లేదు, కట్టిన కోర్టు ఫీజు తిరిగి ఇస్తారు. 1987 న్యాయసేవల చట్టం కింద అక్కడ ఇచ్చే అవార్డు, అంటే రాజీ మీద రాసిన తీర్పు, సివిల్ కోర్టు డిక్రీతో (తుది తీర్పుతో) సమానం, దానిపై అప్పీలు ఉండదు. అందుకే సంతకానికి ముందు ప్రతి లైను చదివించుకో. సర్వే నంబరు, గుంటలు, నాలుగు దిక్కుల హద్దులు, సర్వేయర్ గీసిన నక్ష అన్నీ ఉండాలి. బోరు ఇస్తున్నావు సరే, కొత్త బోరు పడేదాకా నీళ్లు ఎట్లా? అదీ రాయించు.

ఇంకొకటి. అక్కచెల్లెళ్లు ఉన్నారా? బాపు వీలునామా రాయకుంటే అమ్మకూ ఆడబిడ్డలకూ వాటా ఉంటుంది. వాళ్లు లేకుండా రాసుకున్నది వాళ్లను కట్టిపడేయదు.

పరకాల పత్తి వ్యాపారి:
ఆర్బిట్రేషన్ పెట్టుకోరాదు, అంటే ఇద్దరు ఒప్పుకున్న మధ్యవర్తితోని తీర్పు చెప్పించుకునుడు? మా జిన్నింగ్ మిల్లు లెక్క అట్లనే తెగింది.

హన్మకొండ వకీలు:
సరుకు లావాదేవీలకు అది బాగుంటుంది. ముందే రాతపూర్వక ఒప్పందం ఉండాలి, ఆర్బిట్రేటర్ ఫీజు పెట్టుకోవాలి. 1996 చట్టం కింద ఆయన చెప్పిందే తీర్పు. నచ్చలేదని కోర్టుకు పోతే 34వ సెక్షన్‌లోని కొద్ది కారణాలకే వింటారు, అదీ మూడు నెలల్లో పోవాలి. వీళ్లకు తీర్పు చెప్పేవాళ్లు అక్కర లేదు, అన్నదమ్ములు ఇప్పటికే ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకున్నదానికి బలం కావాలి, అంతే.

నర్సంపేట రైతు:
అక్క ఉన్నది, ములుగుల. పంచాయితీకి ఆమెను ఎవ్వరు పిలువలేదు. అన్నను ఎంటబెట్టుకొని ముందుగాల అక్క కాడికే పోత. ఆమె వాటా అడిగితే గుంటల లెక్క మళ్ల మొదటికెల్లి వేసుకుంటం. వకీలమ్మా, అవార్డు కాపీతోని పాసుబుక్కుల మార్పు అయితదా, తహసీల్దారు కాడ వేరే దరఖాస్తు పెట్టాల్నా?

హన్మకొండ వకీలు:
దరఖాస్తు వేరే పెట్టాలి, అవార్డు కాపీ జతచేసి. అక్క దగ్గరికి నక్ష కూడా తీసుకుపో.