పావుగంట బాగా ఆడి, ఆ తర్వాత ల్యాగ్ కొడుతోంది: పాత ఐ5, 750 టీఐ కార్డు

నాపరాయి, తాడిపత్రి:

అందరికీ నమస్తే. నేను బండల పాలిష్ ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. పోయిన డిసెంబరులో అనంతపురంలో ఒక సెకండ్ హ్యాండ్ షాపులో తొమ్మిదిన్నర వేలకు కంప్యూటర్ కొన్నాను. ఏదో ఆఫీసులో వాడి తీసేసిన డబ్బా. ఐ5-3470 ప్రాసెసర్, నాలుగూ నాలుగూ కలిపి 8 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. దానికి 2 జీబీ జీటీఎక్స్ 750 టీఐ గ్రాఫిక్స్ కార్డు వేయించాను, అదీ ఒకరు వాడిందే.

మేం ఆడేది ఒక్కటే గేమ్, జీటీఏ 5. రాత్రి అన్నం తిని నేనూ మా బామ్మర్దీ కూర్చుంటాం. వాడు కారు తోలతాడు, నేను పక్కన కూర్చుని తిడతాను. సంక్రాంతికీ శివరాత్రికీ ఏ ఇబ్బందీ లేదు. ఏప్రిల్ నుంచి పట్టుకుంది జబ్బు. మొదటి పావుగంట బాగుంటుంది. తర్వాత కారు పోతూ పోతూ ఆగుతుంది, మళ్లీ ఎగిరి ముందుకు పడుతుంది. ఒక్కోసారి రోడ్డే కనపడదు, కారు గాల్లో తేలుతుంది, రెండు సెకన్లకు రోడ్డు వచ్చి కింద పరుచుకుంటుంది. అరగంట దాటితే బొమ్మల పుస్తకం తిప్పినట్టే.

ఎండలకు వేడెక్కుతోందేమో అని ఏప్రిల్‌లోనే సైడు రేకు ఊడదీసి, ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టాను. అప్పుడు నిజంగానే తగ్గింది. మే అంతా అలాగే నెట్టుకొచ్చాం. ఇప్పుడు జూలై. ఎండ తగ్గింది, ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, ల్యాగ్ మాత్రం మే కన్నా ఎక్కువైంది. ఇదే నాకు అంతుపట్టడం లేదు.

రిజల్యూషన్ 1080 నుంచి 720కి దించాను, ఏమీ మారలేదు. గ్రాఫిక్స్ డ్రైవర్ తీసి మళ్లీ వేశాను. వైరస్ స్కాన్ చేశాను. గేమ్ తీసేసి మళ్లీ ఎక్కించాను, వారం రోజుల డేటా దానికే పోయింది. "తొమ్మిదిన్నర వేలు పెట్టి తిట్లు కొనుక్కున్నావు" అంటోంది మా ఆవిడ. ఇంకో పార్టు కొనాలంటే ఏది కొనాలో గట్టిగా తెలిస్తేనే కొంటాను.

కర్నూల్ కుర్రోడు:

బ్రో, 2 జీబీ కార్డుతో ఇంకా ఎన్నాళ్లు? 4 జీబీది ఒకటి చూసుకో, పనైపోతుంది. నాకూ ఇలాగే అయితే కార్డు మార్చాను, సెట్ అయింది.

సర్వీసు మామ, అనంతపురం:

కార్డు జోలికి పోవద్దు తమ్ముడూ. రిజల్యూషన్ దించినా ఏమీ మారలేదన్నావు చూడు, జవాబు అందులోనే ఉంది. దించితే ముందు బరువు తగ్గేది కార్డుకే. అయినా ల్యాగ్ అలాగే ఉందంటే ఇరుక్కున్నది ఇంకోచోట. పైగా 2015లో ఈ గేమ్ కంప్యూటర్లకు వచ్చినప్పుడు, ఇది ఉంటే మంచిది అని వాళ్లు రాసిన ప్రాసెసర్ ఐ5-3470. అచ్చంగా నీ డబ్బాలో ఉన్నదే. కార్డు జీటీఎక్స్ 660 అన్నారు, నీది దానికి కాస్త కింద, అంతే. జనవరిలో ఆడిన డబ్బా జూలైలో ముసలిదైపోదు కదప్పా.

ఇంకో సంగతి. 750 టీఐ తినేది 60 వాట్లు, అది బోర్డు స్లాట్ నుంచే వస్తుంది. స్లాట్ ఇచ్చేది మహా అయితే 75. అంతకన్నా ఎక్కువ తినే కార్డుకు ఎస్ఎంపీఎస్ (డబ్బాలో కరెంటు పంచే పెట్టె) నుంచి వేరే వైరు కావాలి, ఆఫీసు డబ్బాల్లో చాలావాటికి ఆ వైరే ఉండదు. అలాంటి కార్డు కొంటే తర్వాత ఎస్ఎంపీఎస్ కూడా కొనాలి. కుర్రోడు ఆ ముక్క చెప్పలేదు.

సరే, నీ పోస్టులో నా కళ్లు ఆగింది టేబుల్ ఫ్యాన్ దగ్గర. తాడిపత్రిలో, రేకు తీసిన డబ్బాకు ఎదురుగా, మూడు నెలలు! అది గాలి కొట్టలేదు తమ్ముడూ, రాతి పిండి కొట్టింది. మొదట చల్లబరిచింది, తర్వాత సందులన్నీ పూడ్చింది. ఎండ తగ్గినా ల్యాగ్ పెరగడం అందుకే అని నా అనుమానం.

అనుమానం మీద విప్పొద్దు, ముందు చూసుకో. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. దాన్ని తెరిచి ఉంచి ఇరవై నిమిషాలు ఆడు. కోర్ల వేడి, క్లాక్ స్పీడు, థర్మల్ థ్రాట్లింగ్ అన్న వరుస, మూడూ చూడు. వేడి వంద దగ్గరికి పోయి, 3.4 గిగాహెర్ట్జ్‌లో ఉండాల్సిన స్పీడు పడిపోతుంటే, ప్రాసెసర్ కాలిపోకుండా తనే కాళ్లు ముడుచుకుంటోందని అర్థం.

రోడ్డు రాకపోవడం మాత్రం వేరే రోగం. అది హార్డ్ డిస్క్ నుంచి సరుకు ఆలస్యంగా రావడం. రెండూ కలిపి ఒకటే అనుకున్నావు కాబట్టి దొరకలేదు. డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో సాఫ్ట్‌వేర్ వేసి 05, సీ5, సీ7 అన్న వరుసల్లో చివరి గడిలోని అంకెలు రాసి పంపు.

నాపరాయి:

అన్నా, ఇరవై నిమిషాలు కూడా ఆడలేదు. పదకొండో నిమిషానికి వేడి 101, స్పీడు 1.6కి పడింది. థ్రాట్లింగ్ నాలుగు కోర్లకూ "యెస్" అని ఎర్రగా వచ్చింది. కార్డు మాత్రం 66 డిగ్రీల్లో చల్లగా కూర్చుంది. డిస్క్‌లో 05, సీ5 రెండూ సున్నా. సీ7లో మాత్రం అంకెతో పాటు అక్షరం కూడా ఉంది, అదేంటో తెలియలేదు.

రేపు ఆదివారం విప్పుతాను. మా ఫ్యాక్టరీలో పెద్ద కంప్రెసర్ ఉంది, దాంతో ఊదేయమంటావా?

సర్వీసు మామ:

వద్దు. ఆ గాలిలో నీళ్లూ నూనే ఉంటాయి, బోర్డు మీద పడితే ఇంకో కథ. పైగా ఆ జోరుకు ఫ్యాన్ గిర్రున తిరిగి బేరింగ్ పోతుంది. రంగులేసే అంగుళం బ్రష్, చేత్తో నొక్కే రబ్బరు బ్లోయర్ చాలు. ఫ్యాన్‌ను వేలితో పట్టుకుని దులుపు. హీట్ సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే రేకుల దిమ్మ) ఎలాగూ తీస్తావు, దాని కింద ప్రాసెసర్ మీదున్న పాత థర్మల్ పేస్టు స్పిరిట్‌తో తుడిచి కొత్తది కందిగింజంత పెట్టు. హీట్ సింక్ నాలుగు పిన్నులనూ ఎదురెదురు మూలలుగా నొక్కు, నాలుగూ టక్కుమనాలి.

సీ7 అంటే డిస్క్ నుంచి బోర్డుకు వచ్చే దారిలో డేటా చెడిపోయి మళ్లీ పంపాల్సి వచ్చిన లెక్క. 05, సీ5 అనేవి డిస్క్‌లో పాడైన చోట్ల లెక్కలు, అవి సున్నా కాబట్టి డిస్క్ బాగానే ఉంది, కేబుల్ మీదే అనుమానం. అక్షరం చూసి కంగారు పడకు, ఆ అంకెలు పదహారు లెక్కలో ఉంటాయి, తొమ్మిది తర్వాత ఏ, బీ, సీ అని ఎఫ్ దాకా రాస్తారు.

నాపరాయి:

అన్నా, విప్పాను. ఫొటో పెట్టడానికి సిగ్గేసింది. ఫ్యాన్ పైకి తీస్తే కింద హీట్ సింక్ రేకులు కనపడలేదు. వాటి మీద బూడిద రంగు చాప ఒకటి, గుండ్రంగా, ఎండిన దోసెలాగా పరుచుకుని ఉంది. గోటితో గీకితే పెళ్లలుగా లేచింది. నాకు బాగా తెలిసిన పిండే. ఫ్యాక్టరీలో పొద్దున లెక్కల పుస్తకం తుడిస్తే సాయంత్రానికి దాని మీద వేలితో పేరు రాయొచ్చు. ఇంట్లోకి రాదనుకున్నాను, అంతే. ప్రాసెసర్ మీది పేస్టు సుద్దముక్కలా పొడిపొడి అయిపోయింది.

తిరిగి బిగించాక ఆన్ చేస్తే గేమ్ తెరవకుండానే వేడి 95! ప్రాణం గుప్పిట్లోకి వచ్చింది. పవర్ తీసి టార్చి వేసి చూస్తే ఒక పిన్ను సగమే దిగింది, హీట్ సింక్ ఒక మూల లేచి ఉంది. పేస్టు తుడిచి మళ్లీ మొదటి నుంచి. రెండోసారి నాలుగు టక్కులూ లెక్కపెట్టాను, మా బామ్మర్ది సాక్షి.

నలభై నిమిషాలు ఆడాం. వేడి 72 దాటలేదు, స్పీడు 3.4 నుంచి కదల్లేదు. మళ్లీ 1080 పెట్టాను. రోడ్డు రాకపోవడం మాత్రం పోలేదు, సీ7 అంకె కూడా ఆడే ముందుకన్నా పెరిగింది. కేబుల్ కొనడానికి ఆదివారం షాపు లేదు. డీవీడీ డ్రైవ్‌కు ఒకటి ఉంది కదా, ఏడు నెలల్లో దాన్ని తెరిచిన పాపాన పోలేదు, దాని కేబుల్ పీకి హార్డ్ డిస్క్‌కు పెట్టాను. రోడ్డు వచ్చేసింది! బామ్మర్ది ఫుల్ స్పీడులో తోలితే దూరంగా బిల్డింగులు కాస్త ఆలస్యంగా వస్తాయి, అంతే. సీ7 అంకె మాత్రం సున్నా కాలేదు, పర్లేదా?

సర్వీసు మామ:

ఆ అంకె తగ్గదు, అది పాత అప్పు. పెరగకుంటే చాలు, వారానికోసారి చూడు. బిల్డింగులు ఆలస్యం కావడం మామూలు హార్డ్ డిస్క్‌కు ఉన్నదే. డబ్బులు ఉన్నప్పుడు చిన్న ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ పనే చాలా వేగంగా చేసేది) తీసుకో, కార్డు కన్నా ముందు అదే. ఈలోగా సెట్టింగ్స్‌లో గ్రాస్ క్వాలిటీ (గడ్డి బొమ్మ నాణ్యత) నార్మల్‌కు దించు, అంచులు నున్నగా చూపే ఎంఎస్ఏఏ ఆపు. అప్పటికీ ఊగుతుంటే వీసింక్‌ను (ఫ్రేములను స్క్రీన్ వేగానికి కట్టేసేది) హాఫ్‌లో పెట్టు. సెకనుకు 30 ఫ్రేములే వస్తాయి కానీ సమంగా వస్తాయి. ఒకసారి 60, ఒకసారి 25 వచ్చేదానికన్నా కంటికి అదే హాయి.

రేకు మూశావా?

నాపరాయి:

మూశానన్నా. ముందువైపు జాలీకి మా ఆవిడ పాత చున్నీ ముక్క కట్టాను.

సర్వీసు మామ:

చున్నీ తీసేయ్, గాలి ఆడదు. దోమతెర ముక్క కట్టు, పదిహేను రోజులకోసారి ఉతుకు.

కర్నూల్ కుర్రోడు:

మామా, ఒక డౌట్. నేను కార్డు మార్చిన రోజు షాపతను డబ్బా మొత్తానికి బ్లోయర్ కూడా కొట్టాడు. పాత కార్డు ఇంకా బీరువాలోనే ఉంది. ఇప్పుడు తీసి పెట్టి చూస్తున్నా.