బోరు నీళ్లలో ఫ్యాక్టరీ రసాయనాలు ఉన్నాయో లేదో తెలియాలంటే ఏ పరీక్షలు చేయించాలి?

నమస్కారం అండి. మాది పటాన్‌చెరు దగ్గర, నక్కవాగు పక్కన ఊరు. భగీరథ నీళ్లు రాని రోజుల్లో తాగడానికీ వంటకీ బోరు నీళ్లే గతి. ఈ ఎండాకాలం నుంచి బిందె నింపగానే ఘాటుగా మందుల వాసన వస్తోంది. ఇంట్లో మూడేళ్ల పాప ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది.

ఫిల్టర్లు అమ్మే అతను మీటరు ముంచి టీడీఎస్ 640 అన్నాడు, ఆర్వో పెట్టుకుంటే సరిపోతుందన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. ఆ మీటరు కరిగిన లవణాలను అంచనా వేస్తుందే తప్ప టోలుయీన్ లాంటి సాల్వెంట్లను (ఫ్యాక్టరీల్లో వాడే రసాయన ద్రావకాలను) పట్టుకోలేదు. మా ప్రాంతంలో మందుల కంపెనీల మురుగునీటిని శుద్ధి చేశాక కూడా లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లోనే స్వీడన్ శాస్త్రవేత్తలు రాశారు. అలాంటి చోట ఒక్క టీడీఎస్ చూసి ఎలా ఊరుకోవాలి?

తాగునీటికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం సీసం, ఆర్సెనిక్ రెండూ లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. వాటితో పాటు సాల్వెంట్లకు పరీక్ష విడిగా అడగాలా? హైదరాబాద్‌లో ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబుల్లో ఎవరైనా చేయించారా, ఎంతయింది? సాల్వెంట్లకైతే గాజు సీసాలో గాలి బుడగ లేకుండా నింపి, ఐస్‌లో పెట్టి తీసుకెళ్లాలట. మోటారు ఎంతసేపు నడిపాక పట్టాలి?

ఇంకొకటి. మేమే పట్టుకెళ్లిన నీళ్ల రిపోర్టును కాలుష్య నియంత్రణ మండలి వాళ్లు ఒప్పుకుంటారా, వాళ్ల మనుషులే వచ్చి శాంపిల్ తీయాలా? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.