పూసిన తర్వాత చచ్చిపోయే లిల్లీ: నిజమేనా?

ప్రశ్న: జూన్ చివర్లో సిక్కిం అడవిలో ట్రెక్కింగ్‌కి వెళ్లాను. ఓక్ చెట్ల కింద, తడి నేలలో నాకంటే ఎత్తున్న లిల్లీ కనిపించింది. కాండం నా మణికట్టు అంత లావు. కింద తమలపాకులా గుండె ఆకారపు ఆకులు, కాకపోతే చాలా పెద్దవి. పైన కిందికి వంగిన పొడవాటి తెల్లని పూలు. ఒకదాన్ని మెల్లగా పైకెత్తి చూస్తే లోపల ముదురు ఎరుపు చారలు. ఆ వాసన ఇంకా మర్చిపోలేకపోతున్నాను. పూశాక మొక్క చచ్చిపోతుందని గైడ్ చెప్పాడు. అప్పట్నుంచీ మనసు అదోలా ఉంది. నిజమేనా?

జవాబు 1: నిజమేనండీ. అది కార్డియోక్రైనమ్ జైగాంటియమ్. మూడు మీటర్లు దాటి కూడా పెరుగుతుంది. విత్తనం నుంచి పూతకు చాలాసార్లు ఏడేళ్లు పడుతుంది. అన్నాళ్లు గడ్డలో దాచుకున్న బలమంతా ఆ ఒక్క పూతకే ఖర్చయిపోతుంది. కానీ బాధపడకండి, తల్లి గడ్డ పోయేలోపు పక్కన పిల్ల గడ్డలు వేస్తుంది.

జవాబు 2: మొదట దీన్ని లిల్లీల్లోనే కలిపారు. గ్రీకులో కార్డియా అంటే గుండె, క్రైనాన్ అంటే లిల్లీ. ఆ ఆకుల వల్లే ఈ పేరు. ఎండిన కాండం లోపల బోలుగా ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు: పిల్ల గడ్డల మాట వినగానే ప్రాణం లేచొచ్చిందండీ! కాండం మొదట్లో ఆకులు తొలగించి చూడాలని ఆరోజు తోచలేదు. మళ్లీ వెళ్తే, తవ్వకుండా, అక్కడే కూర్చుని చూస్తాను.