కడప పిన్‌కోడ్ 516001 ప్రధాన సంఖ్యేనా?

ప్రశ్న (కడప): 516001ని 2, 3, 5, 7, 11, 13లతో భాగించి చూస్తే ఏదీ పోలేదు. ప్రధాన సంఖ్య అని రాసేయొచ్చా? ఎంతవరకు చూడాల?

జవాబు (కర్నూలు): రాయొద్దు తమ్ముడూ. 13తో ఆపితే చాలేది 289 కంటే చిన్న సంఖ్యలకే, ఎందుకంటే 17×17 = 289. వర్గమూలం దాకా చూడాల్సిందే. 718×718 = 515524, 719×719 = 516961. అంటే 709 వరకున్న ప్రధాన సంఖ్యలన్నీ. నీకంత పని పడదు, తర్వాతి 17తోనే తెగిపోతుంది: 17×30353. ఇప్పుడు హద్దు 174కు దిగింది. మళ్లీ 17 నుంచే మొదలుపెట్టు, అదే రెండోసారి రావచ్చు. 127 దగ్గర దొరుకుతుంది: 127×239. 239ని 13 వరకు చూస్తే చాలు, అవన్నీ నువ్వు ముందే చూసేసినావు. కాబట్టి 516001 = 17×127×239. మా 518001కైతే అంకెల మొత్తం 15, మూడుతోనే పోతుంది.

జవాబు (అనంతపురం): 2^(n−1)ని nతో భాగిస్తే శేషం 1 వస్తే ప్రధానమే అని కొందరు చెప్తారు, నమ్మొద్దు. 341 తీసుకోండి. 1024 = 3×341 + 1, అంటే 2^10కి శేషం 1, కాబట్టి 2^340కీ 1. కానీ 341 = 11×31. శేషం 1 కాకపోతే మాత్రం బేసి సంఖ్య కచ్చితంగా సంయుక్తమే.

ప్రశ్న అడిగినవారు: 127 అంటే 2^7−1 కదా? ఘాతం ప్రధానమైతే ఇట్లాంటివన్నీ ప్రధానాలేనా సార్?

జవాబు (కర్నూలు): కాదు. 2^11−1 = 2047 = 23×89.