లక్ష్మా గౌడ్ కళ: ఎచింగ్ నుంచి మట్టి వరకు

ప్రశ్న: చిత్రకారుడు లక్ష్మా గౌడ్ గారి ఎచింగ్‌లు (లోహపు పలకపై గీసి కాగితంపై అచ్చు వేసే చిత్రాలు) చూసిన తర్వాత ఆయన టెర్రకోట (కాల్చిన మట్టి) తలలను చూస్తే, రెండూ ఒకే చేతి పని అని వెంటనే తెలిసిపోతుంది. మాధ్యమం మారినా ఈ పోలిక ఎలా నిలిచింది?

మొదటి జవాబు: మూలం గీతలోనే ఉందని నా అభిప్రాయం. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన ఆయన, హైదరాబాదులో చిత్రకళ చదివి, ఆపైన బరోడాలో చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ వద్ద కుడ్యచిత్రణ, ముద్రణకళ అభ్యసించారు. మైనపు పూత వేసిన లోహపు పలకపై సూదితో గీసి ఆమ్లంలో ముంచే ఎచింగ్‌లో తప్పు గీతను చెరపడం కష్టం కాబట్టి, ఆ నిగ్రహం చేతికి అలవాటైపోతుంది.

రెండవ జవాబు: గీతతో పాటు ఊరినీ లెక్కలోకి తీసుకోవాలి. పల్లె స్త్రీపురుషులు, చెట్లు, మేకలు కాగితం మీదా గాజు మీదా మళ్లీ మళ్లీ కనిపిస్తాయి.