ఈ మధ్య ఏ గేమ్ మొత్తం ఆడి ముగించిన్రు? ఎట్లనిపించింది చెప్పుండ్రి

హన్మకొండ_రైడర్:

రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 మొన్న రాత్రి కంప్లీట్ అయ్యింది, ఎపిలాగ్ రెండు పార్టులు సుత. 2018ల కన్సోల్ మీద, 2019ల పీసీ మీద వచ్చిన గేమ్ కాబట్టి అందరు ఎప్పుడో ఆడే ఉంటరు, నేను ఇప్పుడే ఆడిన, ఇంక తలకాయలకెళ్లి పోతలేదు. ఇంట్ల ఎవలకు చెప్పినా అర్థం కాదు గందుకే ఇక్కడ రాస్తున్న. స్పాయిలర్లు ఉన్నయ్, ఆడనోళ్లు ఇక్కడ్నే ఆగుండ్రి.

మొదటి చాప్టర్ మంచుల మస్తు నిదానంగ పోతది, నా దోస్తులు కొందరు అక్కడ్నే వదిలేసిన్రు. ఒక్కో సొరుగు గుంజి ఒక్కో డబ్బా అందుకునుడు, గుర్రానికి మేత పెట్టుడు, దాన్ని తోముడు, తుపాకి తుడుసుడు, గడ్డం గీసుకునుడు, అన్ని మనమే చెయ్యాలె. చానా మందికి ఇది విసుగు. నాకైతే ఈ నిదానమే గేమ్‌కు పానం అనిపించింది, ఎందుకంటె మనం ఆడే దొంగల ముఠా మనిషి ఆర్థర్ మోర్గాన్‌తోని అన్ని గంటలు అట్ల బతికినంక వానికి రోగం ఉన్నదని డాక్టర్ చెప్పినప్పుడు అది కట్‌సీన్ (నడుమ వచ్చే సీన్మ ముక్క) లెక్క లేదు, ఇంటి మనిషి గురించి విన్నట్టే ఉన్నది.

ఆ రోగం యాడ అంటుకుంటదో గుర్తున్నదా? మొదట్ల ముఠా క్యాంపుల స్ట్రాస్ అనేటోడు మిత్తికి పైసలిచ్చి వసూలుకు ఆర్థర్‌ను తోలుతడు, మన దిక్కు గిరిగిరి ఫైనాన్సోళ్లు ఇంటి ముంగట వచ్చి నిలబడ్డట్టు. థామస్ డౌన్స్ అని ఒక బక్క మనిషి, అప్పటికే దగ్గుతుంటడు, వాన్ని కొడ్తుంటె ఆ దగ్గు ఆర్థర్ మొఖం మీద పడ్తది. ఆడేటప్పుడు అదొక చిన్న మిషన్, వసూలు చేసినమా పోయినమా అంతే. చాప్టర్లకు చాప్టర్లు దాటినంక సెయింట్ డెనిస్ అనే పట్నంల క్షయ అని తేల్తది, కథ నడిచేది 1899ల, దాని మందు స్ట్రెప్టోమైసిన్ కనుక్కున్నది 1943ల, అంటె ఇగ మందే లేదు. అప్పట్నుంచి మనిషి చిక్కిపోతడు, కండ్లు లోపలికి పోతయ్, మల్ల అదే డౌన్స్ పెండ్లాం కొడుకు ఏ గతిల ఉన్నరో కండ్లతోని చూపిస్తరు. కొట్టింది నేనే కదా, బటన్ నొక్కింది నేనే కదా. సీన్మల హీరో చేసిన పాపం చూసుడు వేరు, ఇది వేరు.

ఆఖరుకు కాల్పులల్ల గుర్రం కూలుతది, ఎనుకకెళ్లి మనుషులు తరుముతుంటె కూడ ఆర్థర్ ఆగి దాని మెడ మీద చెయ్యేసి థాంక్యూ అంటడు. నేను దాన్ని చాప్టర్ 2 కాడ్నుంచి సాదుకున్న. ఇగ ఏం రాయాలె.

నచ్చనిది కూడ చెప్త. ఊర్లల్ల అడవులల్ల ఇష్టమున్నట్టు తిరగనిస్తరు కని మిషన్ మొదలైతె జర పక్కకు పోయినా ఫెయిల్ అంటది. చాప్టర్ 5ల గ్వార్మా దీవి నాకు అక్కెర లేదనిపించింది.

ఇప్పుడు మీరు చెప్పుండ్రి. సగం ఆడినయి వద్దు, ఆఖరు దాక పోయినయి. ఎందుకు విడువబుద్ధి కాలేదో చెప్పుండ్రి, నెక్స్ట్ ఏది పెట్టాలె అని కూడ చూస్తున్న.


బాయి_బిడ్డ:

అన్నా, మాది గోదావరిఖని, మా నాయిన సింగరేణిల చేసి రిటైరయిండు. ఆ గేమ్ల నాకు మనసుల పడ్డది ఆన్స్‌బర్గ్. మ్యాప్ల తూర్పు దిక్కు నది ఒడ్డుకు ఉండే బొగ్గు బాయి ఊరు, గుర్తొచ్చిందా? చానా మంది అటు మిషన్‌కు పోయి వచ్చేస్తరు, నేనైతె గుర్రం దిగి మొత్తం నడుసుకుంట తిరిగిన. గోడల మీద, బట్టల మీద, మొఖాల మీద అంత నల్లగ, ఊరంత కంపెనీ మీదనే బతుకుడు. మన ఇల్లందుల బొగ్గు తవ్వుడు 1889ల షురూ అయ్యింది, ఆ కథ 1899, అంటె ఇంచుమించు అదే కాలంల మన తాతల తాతలు ఇక్కడ తట్టలు మోస్తున్నరు. పెద్ద కంపెనీ ఆటల మా అసొంటి ఊరు కనపడుడు నాకు చిన్న విషయం కాదు.

గ్వార్మా మాట మాత్రం ఒప్పుకోను. ఆడనికి చిన్నగనే ఉంటది నిజమే, కని ముఠా నాయకుడు డచ్ ఒక ముసలామెను గొంతు పిసికి చంపేది అక్కడ్నే కదా, ఆర్థర్ పక్కన నిలబడి చూస్తడు. అప్పటిదాక డచ్ మీద మనకు కూడ జర నమ్మకం ఉంటది, అక్కడ తెగుతది. ఆ సీన్ లేకుంటె చాప్టర్ 6ల ఆర్థర్ ఎదురు తిరుగుడు అంత గట్టిగ తాకకపోవు.


పాలంపేట_పిక్సెల్:

నేను అన్‌చార్టెడ్ లాస్ట్ లెగసీ పోయిన వారమే ముగించిన. 2017ల వచ్చింది, నాటీ డాగ్‌ది, పీసీకి 2022 అక్టోబర్‌ల అన్‌చార్టెడ్ 4 తోని కలిపి ఇచ్చిన్రు. చిన్న గేమ్, ఒక శని ఆదివారం గట్టిగ కూసుంటె అయిపోతది. ఓరుగల్లోళ్లు కచ్చితంగ ఆడాలె అంట నేను, ఎందుకో చెప్త.

కథ మొత్తం మన దేశంలనే, పడమటి కనుమలల్ల. క్లోయి ఫ్రేజర్, నడీన్ రాస్ అని ఇద్దరు ఆడోళ్లు కర్ణాటక దిక్కు ఏలిన హొయసల రాజుల నగరాల్ల గణపతి దంతం కోసం ఎతుకుతరు. క్లోయి తండ్రి మన దేశపోడు, ఆయన కూడ దాని కోసమే తిరిగిండు. నేను ములుగు దిక్కోన్ని, రామప్ప చూసుకుంట పెరిగిన. జీపు దిగి మొదటి గుడి శిథిలంలకు పోయినప్పుడు ఇగ శత్రువులను మర్చిపోయి స్తంభాలు చూసుకుంట నిలబడ్డ. కాకతీయులు, హొయసలులు ఇద్దరు మొదాలు కల్యాణి చాళుక్యుల సామంతులే, గందుకే రెండు దిక్కుల పోలికలు కనపడ్తయ్. నక్షత్రం లెక్క కోణాలు కోణాలుగ ఉండే ఎత్తు అరుగు రామప్పకు ఉన్నది, హొయసలుల హళేబీడు గుడికి ఉన్నది. వాళ్లది మెత్తటి సబ్బురాయి, మన మదనికలు (రామప్ప గుడి ఆడ బొమ్మలు) నల్లరాయి.

ఒక్క దగ్గర మాత్రం మనసు ఒప్పలేదు. గేమ్ల అంత పే...ద్దగ ఉంటది, కొండ మొత్తం ఒక దేవుని బొమ్మ, లోయ మొత్తం ఒక కోట. నిజం హొయసల గుళ్లు అంత ఎత్తుండయి, వాటి గొప్పతనమంత దగ్గరికి పోయి చూసే చెక్కడంల ఉంటది, నగల మీది ముత్యం కూడ విడిగ కనపడేటట్టు చెక్కిన్రు. గేమోళ్లు దూరంకెళ్లి చూస్తె నోరు తెరిచేటట్టు కట్టిన్రు, అది వాళ్ల ఆటకు అవసరం కావచ్చు, కని ఆ చెక్కడాన్ని దగ్గర్నుంచి చూడమనే పజిల్ ఒకటన్న పెడితె ఎంత బాగుండు. పరశురాముడు గొడ్డలితోని గణపతి దంతం ఇరగ్గొట్టిన కథ మాత్రం సక్కగ వాడుకున్నరు, అది మనకు చిన్నప్పట్నుంచి తెలిసిందే కాబట్టి ముందుగాల్నే అర్థమైతది.

ఇంకో సీన్. శిథిలాల కింద చిక్కిన ఏనుగును ఇద్దరు విడిపిస్తరు, తర్వాత దాని మీద ఎక్కి పోతరు. తుపాకి లేదు, పరుగు లేదు, ఊకె పోవుడే, క్లోయి తన తండ్రి గురించి చెప్పుకుంట పోతది. గేమ్ మొత్తంల నాకు గదే నచ్చింది.

1213ల కట్టిన రామప్పకు 2021ల యునెస్కో గుర్తింపు వచ్చింది కదా, మరి మన గుడి చుట్టు ఇట్లాంటి గేమ్ ఎవలన్న చెయ్యాలె. ఆ నృత్య భంగిమలు, చెరువు, ఓరుగల్లు కోట తోరణాలు, ఏం తక్కువున్నది. పుణెల చిన్న టీమ్ 2020ల రాజీ అనే గేమ్ మన పురాణాల మీద చేసి ప్రపంచమంత అమ్మింది, అంటె అయ్యే పనే.


కరీంనగర్_అక్క:

నేను ఆడింది వెణ్బా. చాలా చిన్నది, ఒక సాయంత్రంలో అయిపోతుంది. టొరంటోలో ఉండే టీమ్ 2023లో చేసింది, 2024లో బ్రిటన్ వాళ్ల బాఫ్టాలో తొలి గేమ్ అవార్డు దీనికే వచ్చింది. తమిళ జంట 1988లో కెనడా పోయి కాపురం పెడతరు, కొడుకు పుడతడు, వాడు అక్కడి పిల్లలతో కలవాలని ఇంటి భాషకి, ఇంటి తిండికి దూరం అవుతుంటడు. మనం చేసేదంతా వంటే. అమ్మమ్మ ఇచ్చిన వంటల పుస్తకం చిరిగి, మరకలు పడి సగం కనపడదు, మిగతాది మనం ఊహించి చెయ్యాలి.

మొదటి వంట ఇడ్లీ. ప్లేట్లు ఎట్లా పేర్చాలన్నదే పజిల్, కింద ఇడ్లీకి పైన రంధ్రం రావాలి, లేకపోతే ఆవిరి పైకి పోదు. నేను చూడంగనే పెట్టేసిన, మా ఆయన పక్కన కూర్చొని అదెట్లా తెలిసింది అని అడుగుతుండు. మన వంటింట్లో చేతికి ఉన్న తెలివిని ఒక గేమ్ పజిల్‌గా పెట్టి గౌరవించుడు నేను ఇంతకు ముందు యాడ చూడలేదు. రేడియోలో వచ్చే పాటలు కూడా కాలం మారినకొద్దీ మారుతుంటయి.

మా అక్క పిల్లలు డాలస్‌లో పెరుగుతున్నరు. వీడియో కాల్‌లో మా అమ్మ మాట్లాడితే వాళ్లు నవ్వుతరు, జవాబు ఇంగ్లీషులో ఇస్తరు, అమ్మ ఫోన్ నాకిచ్చి లోపలికి పోతది. అందుకే ఆ కొడుకు పెద్దయినంక అమ్మ వంట తనే చేద్దామని ఆ పుస్తకం తెరిచే భాగం నాకు చాలా కష్టమైంది. గేమ్ ఆపి అమ్మకి ఫోన్ చేసిన. అక్కకి గిఫ్ట్‌గా పంపిన కూడా, ఇంకా ఆడలేదట, ఆడుతది.

ఒక్కటే కొరత, కొడుకు వైపు కథ ఇంకొంచెం ఉండాల్సింది. కాలేజీ రోజులన్నీ చకచకా దాటిపోతయి.


కాజీపేట_కంట్రోలర్:

అందరు కథల గురించే రాస్తున్నరు, నేను సెకిరో అనే కత్తి కొట్లాట గేమ్ గురించి రాస్త. 2019ల వచ్చింది, ఆ ఏడు గేమ్ అవార్డ్స్‌ల గేమ్ ఆఫ్ ది ఇయర్ కూడ దానికే. ఎల్డెన్ రింగ్ అనే గేమ్ చేసిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ వాళ్లదే కని అందుల ఉన్న సౌలతులు ఇందుల ఉండయి, బాస్ (పెద్ద శత్రువు) గట్టిగున్నడని అటీటు తిరిగి లెవెల్ పెంచుకొని వస్త అంటె నడవదు, దోస్తును పిలుచుకుంట అంటె నడవదు. ఒకటే కత్తి, దానితోనే కొట్టాలె దానితోనే ఆపాలె.

మొదాలు అందరు చేసేది ఒకటే, కొట్టుడు ఎనుకకు ఉరుకుడు. ఆ లెక్కన ఆడితె ఆషినా కోట మీద గెనిచిరో అనే బాస్ మిమ్ముల ఆడ్నే ఆపేస్తడు. శత్రువుకు హెల్త్ ఒకటి, పోశ్చర్ (వాడు ఎంత తడబడ్డడో చూపే గీత) ఒకటి ఉంటయ్, వాని దెబ్బ తాకే క్షణంల కత్తి అడ్డం పెడితె వాని పోశ్చర్ నిండుతది, నిండితె ఒక్క పోటుతోని లేపెయ్యొచ్చు. అంటె ఎనుకకు పోయినా కొద్ది వాడు తేరుకుంటడు, మీదికి పోయినా కొద్ది వాడు తడబడ్తడు. ఇది చేతికి ఎక్కిన రోజు కత్తుల సప్పుడు ఒక తాళం లెక్క వినపడ్తది, బటన్ చూసి కాదు చెవితోని ఆడ్తం.

రైడర్ అన్న దగ్గు గురించి రాసిండు కదా, ఇందుల కూడ ఉన్నది. మనం మల్ల మల్ల చచ్చి లేస్తుంటె ఆ భారం చుట్టుపక్కల మంచోళ్ల మీద పడి వాళ్లకు డ్రాగన్‌రాట్ అనే దగ్గు రోగం వస్తది, మనతోని మాట్లాడిన ముసలవ్వ దగ్గుకుంట కూసుంటది. దానికి మందు దొరుకుతది, కని మొదటిసారి చూసినప్పుడు పానం సల్లబడ్డది.

ఆఖరు బాస్ ఇషిన్‌ను కొట్టినంక సంబురం కంటె ముందు మర్యాద కలిగింది వాని మీద, అంత సక్కగ కొట్లాడ్తడు ముసలోడు. కథ కావాలంటె అన్న ఆడిందే ఆడుండ్రి. చెయ్యి, చెవి, కన్ను ఒక్క తీరుగ పని చేసుడంటె ఏందో తెల్వాలంటె ఇదే.


హన్మకొండ_రైడర్:

బాయి_బిడ్డ తమ్మీ, గ్వార్మా గురించి నువ్వు చెప్పింది నిజమే, ఆ ముసలామె సీన్ గుర్తొచ్చింది, చదివినంక నాకు ఆ చాప్టర్ వేరే తీరుగ కనపడ్తుంది. ఆన్స్‌బర్గ్‌కు ఇయ్యాల మల్ల పోత. అక్కా, వెణ్బా మా చెల్లెకు చెప్తున్న. సెకిరో మాత్రం ఇప్పుడే వద్దు, ఆఫీస్‌ల నైట్ షిఫ్ట్ నడుస్తుంది, ఇంత అలసిపోయి వచ్చినంక చేతులు సాగయి.


మానేరు_కో_ఆప్:

ఇట్ టేక్స్ టూ ఎవలు రాయలేదేంది? నేను మా తమ్ముడు ఆడినం, వాడు బెంగళూరుల ఉంటడు. ఒకలు కొంటె చాలు, రెండోవాళ్లకు ఫ్రెండ్స్ పాస్ ఫ్రీ, ఇది మస్తు మంచి పద్ధతి. ఒక్కనితోని ఆడరాదు, ఇద్దరు ఉండాల్సిందే. విడాకుల దాక వచ్చిన మొగుడు పెండ్లాం బొమ్మలైపోతరు, బిడ్డ రోజ్ ఏడ్చిన కన్నీళ్లు పడి.

ప్రతి లెవెల్ల కొత్త పని ఇస్తరు. ఒక దగ్గర ఒకని చేతుల మేకులు ఇంకొకని చేతుల సుత్తి, ఒక దగ్గర ఒకలు కాలాన్ని ఎనుకకు తిప్పుతరు ఇంకొకలు తన అసొంటి బొమ్మను నిలబెడ్తరు. చేతికి అలవాటయ్యే లోపట్నే తీసేసి ఇంకోటి ఇస్తరు, గందుకే విసుగు రాదు.

ఆ క్యూటీ అనే ఏనుగు బొమ్మ సీన్ మాత్రం మేమిద్దరం మైకుల ఏం మాట్లాడలేకపోయినం. వద్దు వద్దు అని అది బతిమాలుతుంటె బటన్లు నొక్కాలె, నొక్కకుంటె కథ ముందుకు పోదు. వాళ్ల కోపంల బిడ్డ కనపడ్తలేదని చెప్పనీకె పెట్టిన్రు కావచ్చు, నాకైతె జర ఎక్కువైంది అనిపించింది, చిన్న పిల్లలు పక్కనుంటె ఆ లెవెల్ చూపియ్యకుండ్రి.


చుక్కల_మంచం:

ఔటర్ వైల్డ్స్, 2019. ఏం చదవకుండ, ఏ వీడియో చూడకుండ షురూ చెయ్యుండ్రి, గంతే చెప్త. 22 నిమిషాలకు సూర్యుడు పేలిపోతడు, మల్ల మొదటికి వస్తం. ఆయుధాలు లేవు, లెవెల్స్ లేవు, పోయినసారి తెలుసుకున్నదే మన ఆస్తి. అందుకే ఒక్కసారే ఆడగలం, ఎవలన్న ముందే చెప్పేస్తె మొత్తం పోతది. మన అంతరిక్ష ఓడల లాగ్ (కనుక్కున్నయి రాసి ఉండే పుస్తకం) మాత్రం చదువుకుంట పోండ్రి.


హన్మకొండ_రైడర్:

పిక్సెల్ అన్నా, లాస్ట్ లెగసీ డౌన్‌లోడ్ పెడ్తున్న. అన్‌చార్టెడ్ 4 ముందు ఆడాల్నా, డైరెక్ట్ ఇది ఆడొచ్చా?


పాలంపేట_పిక్సెల్:

డైరెక్ట్ ఆడినా కథ అర్థమైతది. కని నడీన్ 4ల ఎదురు పక్షంల ఉంటది, అది తెలిసి ఆడితె ఇద్దరి నడుమ అనుమానం ఎందుకున్నదో సక్కగ తెలుస్తది. ఎట్లా రెండు ఒకటే ప్యాక్‌ల వస్తయ్ కదా, 4 మొదాలు పెట్టు. ఇది ఆడినంక రామప్పకు ఒకసారి రా తమ్మీ, అరుగు చుట్టు తిరిగి చూద్దం.