అప్‌డేట్: కెమిస్ట్రీలోనే చేరాను

"మాది కనిగిరి దగ్గర పల్లె, డిగ్రీలో కెమిస్ట్రీ తీసుకుంటే ఇంగ్లీషు మీడియం తట్టుకోగలనా?" అని మిమ్మల్ని అడిగాను కదా. ఒంగోలులో చేరిపోయాను. నాన్న ఇంకా గొణుగుతూనే ఉన్నాడు, అది మామూలే. తెలుగు అకాడమీ పుస్తకం పక్కన పెట్టుకుని చదువుతుంటే టెన్షన్ తగ్గింది.

అసలు సంగతి వేరే. మా బోరు నీళ్లు సీసాలో తెచ్చి మేడమ్‌కి ఇచ్చాను. ఎర్రటి జిర్కోనియం-అలిజరిన్ ద్రావణంలో కలిపితే కాసేపటికి రంగు పసుపుకి తిరిగింది. అంటే నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది! అది ఎక్కువైతే పళ్లు, ఎముకలు పాడవుతాయి. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. కాచితే పోతుందని మా ఊళ్లో నమ్మకం. నిజానికి కాచేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఈ మాట నాయనమ్మకి చెబితే నవ్వేసింది, పళ్ల మీద ఆ గోధుమ మచ్చలతోనే.

ఎమ్మెస్సీ చేసి మా మండలంలో ప్రతి బోరూ పరీక్షించాలని ఉంది. సంక్రాంతి సెలవుల్లో మా వీధితో మొదలుపెడతా. టెస్ట్ కిట్ చవగ్గా ఎక్కడ దొరుకుతుందో తెలిస్తే చెప్పండి.